మొలిచిందా?

కనకాంబరం కాయని ఎప్పుడైనా తడిపి చూశారా? పూలు రాలాక కంకిలో గోధుమరంగు కాయలు మిగులుతాయి. గోరంత పొడవు, కొస సూదిగా ఉంటుంది. పొడి చేత్తో ఎంతసేపు పట్టుకున్నా కదలవు, మెదలవు. ఒక్క నీటిచుక్క తగిలిందా, కాసేపట్లోనే టప్పున రెండు బద్దలై, లోపలి గింజల్ని బారెడు దూరం చిమ్మేస్తాయి. చిన్నప్పుడు మాకవే టపాకాయలు. ఎండు కంకి ఒకటి గౌను జేబులో దాచుకుని బడికి వెళ్లేదాన్ని. ముందు వరసలో కూర్చున్న పిల్ల జడలో గుచ్చి, తడి చేసిన వేలు ఆనించి, ఏమీ ఎరగనట్టు పలక వైపు చూసేదాన్ని.

ఆ కనకాంబరాలు మా అమ్మమ్మ దొడ్లోవి. మనసు బాగాలేని వాళ్లను మొక్కలు పెంచుకోమని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. ఉద్యాన చికిత్స అని దానికొక పేరు కూడా ఉంది. నాకు ఆ వైద్యం ఎనిమిదో ఏట జరిగింది. చేసిన మనిషికి ఆ పేరు తెలియదు. ఆవిడకు తెలిసిన పేరు బెంగ. ఆవిడకు తెలిసిన మందు ఏమిటో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అమలాపురానికి మూడు మైళ్ల దూరంలో, పంటకాలువ పక్కన అమ్మమ్మగారి ఊరు. ఇంటి ముందు అరుగులు, వెనక అరెకరం దొడ్డి. దొడ్లో 31 కొబ్బరి చెట్లు. కాపరానికి వచ్చిన ఏడాది తాతయ్యా తనూ కలిసి నాటినవి. కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద, చేమ, పసుపు. కోనసీమలో ఏ దొడ్డి చూసినా ఇదే వరస. పైనుంచి దిగిన ఎండని నేలకు చేరేలోపు ఎవరో ఒకరు వాడేసుకుంటారు. నూతి గట్టు నుంచి ఒక బోదె బయల్దేరి స్నానాల నీళ్లని అరటి మొదళ్లకు, అంట్లు తోమిన నీళ్లని చేమ మడికి తీసుకెళ్లేది. పశువుల పాక మీద గుమ్మడి పాకేది. పాకకూ నూతికీ మధ్య వెదురు పందిరి, దాని మీద బీర, పొట్ల, దొండ. పందిరికి ఇవతల తులసికోట, కోట చుట్టూ కనకాంబరాలు.

నేను అక్కడికి వెళ్లింది 1994 జూన్‌లో. నాన్నది బదిలీల ఉద్యోగం, తమ్ముడేమో చంటివాడు. ఏటా బడి మారిస్తే చదువు పాడవుతుందని నన్ను అమ్మమ్మ దగ్గర మూడో తరగతిలో చేర్పించి, అమ్మ ఆదివారం సాయంత్రం బస్సెక్కింది. సోమవారం నుంచి నాకు అన్నం సయించలేదు. రాత్రిళ్లు అమ్మ చీర వాసన కోసం దిండు తడుముకునేదాన్ని. మూడో నాటికి ఒళ్లు వెచ్చబడింది. ఊళ్లో డాక్టరుగారు వచ్చి మాత్రలిచ్చి వెళ్లారు. చూడవచ్చిన వాళ్లంతా ఒకే మాట అన్నారు: "బెంగెట్టుకుందండి పిల్ల."

బెంగ జ్వరం అంటారు మా వైపు. మనసుకు వచ్చినదాన్నీ ఒంటికి వచ్చినదాన్నీ కలిపి ఒకే పేరుతో పిలుస్తారు. తల్లికి దూరమైన పసిపిల్లకు వచ్చినా, దూడ పోయిన ఆవుకు వచ్చినా, కొడుకు దుబాయి వెళ్లిపోయిన ముసలమ్మకు వచ్చినా అదే మాట. ఇందులో సిగ్గుపడాల్సింది ఏదీ లేదని ఆ మాటలోనే ఉంది. బెంగ ఎవరైనా పెట్టుకోవచ్చు.

నాలుగో రోజు తొలకరి పడింది. వాన వెలిశాక అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. పొయ్యి పైన, పొగ తగిలే చోట, ఎండిన ఆనపకాయ ఒకటి వేలాడుతుండేది. దాన్ని దించి నా చెవి దగ్గర ఆడించింది. లోపల గలగలమంది. మెడ దగ్గర చిల్లు పొడిచి నా అరచేతిలోకి మూడు గింజలు రాల్చింది. రాత్రంతా వాటిని గ్లాసుడు నీళ్లలో నానబెట్టి, తెల్లారి పందిరి గుంజ పక్కన పాదు చేయించింది. పలుగు తను పట్టింది. మట్టి గడ్డలు పిడికిళ్లతో పొడి చేసింది నేను. చివికిన పేడ ఎరువు కలిపింది నేను. గింజల్ని వేలి కణుపు లోతున పెట్టి మట్టి కప్పాక అంది: "ఈ పాదు నీది. నేను ముట్టుకోను. నువ్వు నీళ్లు పోస్తే తాగుద్ది, లేకపోతే లేదు."

మర్నాడు పొద్దున నన్ను లేపుతూ అడిగిన మొదటి మాట, "మొలిచిందా?"

వెళ్లి చూసి వచ్చి, లేదన్నాను. "సరే, మొహం కడుక్కో" అంది. ఆ మర్నాడూ అంతే. ఆవిడ చేద వేసి నీళ్లు తోడే చోటు నుంచి నా పాదు నాలుగడుగులు కూడా ఉండదు. చీకటితోనే లేచి నూతి దగ్గర నిలబడే మనిషికి మొలిచిందో లేదో కనిపించదా? అయినా రోజూ నన్నే అడిగేది. నా నోటితోనే చెప్పించుకునేది. పక్క మీంచి లేవడానికి నాకొక పని పడింది.

ఏడో రోజు మట్టి పగిలింది. లోపలినుంచి లేత ఆకుపచ్చ మెడ ఒకటి వంగి పైకి లేస్తోంది. మర్నాటికి తిన్నగా నిలబడింది. గింజ పెంకు ఇంకా ఆకుల కొసను టోపీలా పట్టుకునే ఉంది. దాన్ని తీయబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుంది. "లాగకు. దానంతటదే ఊడుద్ది." ఆ రోజు బళ్లో కూర్చున్నానన్న మాటే గానీ నా ధ్యాసంతా ఆ టోపీ మీదే. సాయంత్రం పరిగెత్తుకొచ్చేసరికి ఊడిపోయి ఉంది. జ్వరం ఎప్పుడు తగ్గిందో నాకు గుర్తు లేదు.

ముట్టుకోనన్న మాట అమ్మమ్మ నిజంగానే నిలబెట్టుకుంది. తీగ పందిరెక్కిన కొత్తలో, చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లి రెండు రోజులు నీళ్ల సంగతి మరిచిపోయాను. వానలు మొహం చాటేసిన రోజులు. తిరిగొచ్చేసరికి ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. పక్కనే బీరపాదు తడి తడిగా ఉంది, నాది మాత్రం పొడి. ఏడుస్తూ అమ్మమ్మ మీదికి వెళ్లాను. "వేరు బతికే ఉందే. పొయ్యి, పొయ్యి" అంటూ చెంబు నా చేతికిచ్చింది. మూడు చెంబులు పోశాను. దీపాలు పెట్టే వేళకు ఆకులు మళ్లీ లేచాయి. తప్పు చేసినా దిద్దుకోవడానికి సాయంత్రం దాకా గడువుంటుందని ఎనిమిదేళ్ల పిల్లకు ఎవరైనా మాటలతో ఎలా చెప్పగలరు?

ఆ రెండేళ్లలో దొడ్లో చాలా తెలుసుకున్నాను. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, తెల్లగా. పువ్వు కింద వేలెడు పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగపువ్వు. చిక్కుడు కొసలకు పేనుబంక పడితే మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లాలి, ఎండెక్కాక చల్లితే నిలవదు. పొట్లపిందె జానెడు సాగగానే కొసకు రాయి కట్టాలి. రాయి ఎంచడం అమ్మమ్మ పని, అరటి నారతో కట్టడం నా పని. చింతగింజంతది చాలదు. నిమ్మకాయంతది కడితే పిందె తెగుతుంది. గచ్చకాయంత కావాలి. ఒకసారి కడుతూ కడుతూ అడిగాను, దానికి నొప్పెట్టదా అని. "కట్టకపోతే చుట్టలు చుట్టుకుపోద్దే, కూరకి తరగలేం" అంది. ఆవిడ మాటలు అలాగే ఉండేవి, మొక్క గురించి అడిగితే మొక్క గురించే.

1995 వేసవిలో తాతయ్య పోయారు. పొద్దున కొబ్బరి మొదళ్లకు నీళ్లు కట్టి వచ్చి అరుగు మీద కూర్చున్న మనిషి, కూర్చున్నట్టే ఒరిగిపోయారు. పెద్దకర్మ అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. ఏడాదిపాటు అమ్మమ్మ గుడికి వెళ్లకూడదన్నారు, పేరంటాలకూ పెళ్లిళ్లకూ వెళ్లకూడదన్నారు, ఎవరికీ ఎదురు రాకూడదన్నారు. వీధి గుమ్మం వైపు దారి మూసేశాక ఆవిడకు మిగిలిన ఆకాశం దొడ్లోదే. చీకటితో అక్కడికి వెళ్లి ఎండెక్కేదాకా ఉండేది. "మొగుడు పోయి నెలన్నా కాలేదు, పాదులు చేసుకుంటోంది" అని గోడవతల ఎవరో అనడం నేను విన్నాను. తనూ వినే ఉంటుంది. దొండతీగను పందిరికి ఎక్కిస్తున్న చెయ్యి మాత్రం ఆగలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. ఇంట్లో ఆవిడ కళ్లు తడిసినప్పుడల్లా ఎవరో ఒకరు "ఊరుకో, ఊరుకో" అనేవారు. ప్రేమతోనే అనేవారు. దొడ్లో ఆ మాట అనేవాళ్లు లేరు. అక్కడ ఆవిడ దుఃఖానికి ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండే వీలుంది. దానితో పాటే తెంపాల్సిన కాయ, కట్టాల్సిన తీగ, పోయాల్సిన నీళ్లు ఉన్నాయి.

ఆ ఏడు కనకాంబరాలు విరగబూశాయి. అంతకుముందు రోజూ సాయంత్రం అమ్మమ్మ ముడిలో అవి కనిపించేవి. ఇప్పుడిక పెట్టుకోకూడదు. అయినా కోయడం మానలేదు. అరటి నార తడిపి, నాలుగేసి పూలు అమర్చి ముడులు వేస్తూ మూరలకొద్దీ కట్టేది, నాకూ వీధిలో ఆడపిల్లలందరికీ. నువ్వు పెట్టుకోవు కదా, ఎందుకు కట్టడం అని ఒకసారి అడిగేశాను. "నేను పెట్టుకోనని చెట్టుకి తెలుసేంటే? అది పూస్తానే ఉంటది" అని మాల నా జడలో తురిమింది. ఆవిడ చేతులు కాసేపు నా తల మీదే ఉండిపోయాయి.

1996 నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. మావయ్య రాజమండ్రి నుంచి టపాకాయలు తెచ్చి అటక మీద పెట్టాడు. సాయంత్రం గాలి మొదలైంది. చీకటి పడ్డాక అది గాలిలా లేదు. ఇంటి మీంచి రైలు వెళ్తున్నట్టు, ఆ రైలు ఎంతకీ అయిపోనట్టు ఉంది. పెంకులు ఎగిరిపోయాయి. కొబ్బరికాయలు వచ్చి గోడలకు కొట్టుకునేవి. మావయ్యా పాలేరూ తలుపుకి రోకలి అడ్డం పెట్టి వీపులు ఆనించి నిలబడ్డారు. పిల్లలందర్నీ పట్టెమంచం కింద పడుకోబెట్టి అమ్మమ్మ మా పక్కన నేల మీద కూర్చుంది. దొడ్లో చెట్టు పడ్డప్పుడల్లా నేల అదిరేది. అదిరినప్పుడల్లా ఆవిడ పెదాలు కదిలేవి. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. తెల్లారి గాలి తగ్గాక, ఇంకా ఎవరూ తలుపు తీయకముందే, "పంతొమ్మిది" అంది.

తలుపు తీసి చూస్తే పంతొమ్మిదే.

ఆ తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్లిన మత్స్యకారులు, తీరం పల్లెల వాళ్లు ఎందరో తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరి చెట్లు లక్షల్లో కూలిపోయాయి. మా ఇంట్లో మనుషులం అందరం మిగిలాం. అవతల మనుషులే పోతే ఇవతల చెట్ల కోసం ఏడుస్తారా? ఆ మాట ఎవరూ అనలేదు గానీ ఇంట్లో అందరి మొహాల్లో ఉంది. అమ్మమ్మ ఏడవలేదు. మాట్లాడటం మానేసింది.

నాలుగు రోజుల తర్వాత దింపు తీసే ఆయన వచ్చాడు. మిగిలిన 12 చెట్ల మట్టలూ గాలికి తిరగబడ్డ గొడుగుల్లా ఉన్నాయి. ఒక్కో చెట్టూ ఎక్కి, చూసి, దిగి వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. "మట్టలు పోతే పోనీండి అమ్మగారూ. తొమ్మిదింటికి మొవ్వు పచ్చగానే ఉందండి. బతుకుతాయండి, ఆయ్." కొబ్బరి చెట్టు పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన ఉండే మొవ్వు. వేపలా చింతలా పక్కనుంచి కొత్త కొమ్మ వేయలేదు. మొవ్వు విరిగిన చెట్టు కొంతకాలం నిలబడే ఉంటుంది, కానీ ఇక బతకదు. మట్టలన్నీ పోయినా మొవ్వు నిలిచిన చెట్టు ఏడాదో రెండేళ్లో తీసుకుని మళ్లీ కాస్తుంది. కింద నిలబడి చూస్తే ఏది ఏదో తెలియదు, ఎక్కి చూడాల్సిందే. అమ్మమ్మ అంతా విన్నది. లేవలేదు.

దొడ్డి తలుపుకు గడియ పెట్టేసింది. ఊళ్లో కరెంటు లేదు. దీపావళి రాత్రి అరుగు మీద ఒక్క ప్రమిద. తడిసిన టపాకాయలు పొయ్యి దగ్గర ఎన్నిసార్లు ఆరబెట్టినా ఒక్కటీ పేలలేదు. మావయ్య రంపాల వాళ్లను పిలిచి పడ్డ చెట్లు కోయిస్తుంటే ఆ చప్పుడు వినబడకుండా అమ్మమ్మ లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునేది. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు.

నేను మాత్రం పాక వైపు నుంచి దొడ్లోకి వెళ్తూనే ఉన్నాను. తులసికోట మీద మట్ట పడి ఒక పక్క పగిలింది. కనకాంబరం మొక్కలు నేలకు అంటుకుపోయాయి. తుపాను వెళ్లి రెండు వారాలు కావొస్తుండగా ఒక పొద్దున, కోట పక్కన నేల మీద రెండేసి ఆకుల మొలకలు కనిపించాయి. ఒకటి రెండు కావు. కోట చుట్టూ బారెడు దూరం దాకా, బోదె పొడుగునా. కాసేపటికి గానీ వెలగలేదు. ఆ రాత్రి వానకు కంకుల్లో ఉన్న కాయలన్నీ పేలి ఉంటాయి. మేం కాల్చుకోలేకపోయిన టపాకాయలు, ఎవరూ చూడకుండా, ఆ చీకట్లోనే పేలాయి.

పరిగెత్తుకెళ్లి అమ్మమ్మకు చెప్పాను. తల తిప్పి చూసిందంతే. మర్నాడు పొద్దున్నే ఆవిడ మంచం దగ్గర నిలబడి, "మొలిచిందా అని అడుగు" అన్నాను. అడగలేదు. నేనే చెప్పాను, ఇవాళ నూతి గట్టు పగుళ్లలో కూడా మొలిచాయని. ఆ మర్నాడూ చెప్పాను. దాని తర్వాతి రోజు క్షీరాబ్ది ద్వాదశి, తులసి దగ్గర దీపం పెట్టాలి. నేను నోరు తెరవకముందే అమ్మమ్మ నావైపు చూసి, "ఎన్ని?" అంది.

గడియ తీసింది ఆవిడే. గుమ్మంలో చాలాసేపు నిలబడింది. చెట్లు లేని చోట్ల నుంచి ఎండ నేరుగా నేల మీద పడుతోంది. అంత వెలుతురు ఆ దొడ్లో ఎప్పుడూ చూడలేదు. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని నడిచి వచ్చి, కోట దగ్గర గొంతుక్కూర్చుని మొలకల్ని చూసింది. "కొబ్బరిచిప్ప పట్రా" అంది. ఒత్తుగా మొలిచిన వాటిని వేళ్లు తెగకుండా, చిప్పతో మట్టిగడ్డతో సహా లేపి, జానెడు ఎడంలో నాటడం మొదలుపెట్టింది. నేను నీళ్లు పోస్తూ వెనకాలే నడిచాను. ఎక్కడో మధ్యలో ఆవిడకు ఏడుపు వచ్చింది. మట్టి చేతులతోనే కళ్లు తుడుచుకుంటూ, నాటడం ఆపకుండా, పెద్దగా ఏడ్చింది. నేను భయపడి మావయ్య కోసం వెళ్లబోతే గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య నన్ను పట్టుకుని ఆపింది. "ఏడవనీ" అంది. ఆ సాయంత్రం పగిలిన కోటలోనే తులసి పక్కన ఉసిరికొమ్మ గుచ్చి దీపం పెట్టింది అమ్మమ్మ.

బెంగ ఆ రోజుతో పోలేదు. ఆ తర్వాత కూడా కొన్ని మధ్యాహ్నాలు ఆవిడ గోడవైపు తిరిగే పడుకునేది. అయితే దొడ్డి తలుపుకు మళ్లీ గడియ పడలేదు. మరుసటి ఏడు తొలకరికి అంబాజీపేట నుంచి కొబ్బరి మొక్కలు తెప్పించి కూలిన చోటల్లా గొయ్యి తీయించింది. నాటు రకం కాపుకు రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. అప్పటికి నేనుంటానో లేదో అంటూనే నీళ్లు కట్టేది. ఉంది. 2004లో మొదటి గెల దింపినప్పుడు మావయ్య చేత నాకు ఫోన్ చేయించింది. 2009లో వెళ్లిపోయింది.

పెద్దయ్యాక ఈ విషయం మీద కొంత చదివాను. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రిలో మానసిక రోగులకు వైద్యం చేసిన బెంజమిన్ రష్ అనే డాక్టరు 1812లో ఒక పుస్తకం ప్రచురించాడు. కట్టెలు కొట్టి, పొయ్యిలు రాజేసి, తోట తవ్వి పనిచేసే రోగులు తరచూ కోలుకుంటున్నారనీ, తమ అంతస్తుకు అవి తగవని పనులు చేయని వాళ్లు ఆసుపత్రి గోడల మధ్యే మగ్గిపోతున్నారనీ అందులో రాశాడు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే ఒక ఆసుపత్రి రికార్డులు తీసి, పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని పోల్చాడు. సగం మందికి మంచం పక్క కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనిపించిన వాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పిమందులు తక్కువ వాడారు. ఇది చదివినప్పుడు నాకు వీధి గుమ్మం దాటే వీల్లేని అమ్మమ్మ వెనక గుమ్మంలోంచి చూసిన పచ్చదనం కళ్ల ముందు నిలిచింది.

ఆ చదువు నాకు అవసరమయ్యే రోజు వస్తుందనుకోలేదు. 2021 మేలో, కరోనా రెండో విడతలో నాన్న పోయారు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. హైదరాబాదులో, మియాపూర్ ఫ్లాటులో కూర్చుని మూడో రోజు నుంచి ఆఫీసు పని చేసుకున్నాను. అందరూ ధైర్యంగా ఉన్నానన్నారు. నెలలు గడిచాయి. నిద్ర పోయింది, ఆకలి పోయింది. పొయ్యి ముందు నిలబడి ఎందుకు నిలబడ్డానో గుర్తు రాక అలాగే ఉండిపోయేదాన్ని. పైకి నిలబడే ఉన్నాను, మొవ్వు ఉందో లేదో నాకే తెలియదు. ఆలస్యంగానైనా డాక్టరు దగ్గరికి వెళ్లాను. డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. రోజూ కాసేపు చేతులతో చేసే పని ఏదైనా పెట్టుకోమన్నారు.

నర్సరీకి వెళ్లి నాలుగు కుండీలు, ఎర్రమట్టి, ఎరువు, ఒక కొబ్బరి పొట్టు ఇటుక తెచ్చాను. కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీశాక మిగిలే పొట్టునే ఎండబెట్టి అలా ఇటుకలుగా నొక్కుతారు. బాల్కనీలో బకెట్‌లో వేసి నీళ్లు పోశాను. నీళ్లు పీల్చుకుంటూ ఇటుక అంచులు విడిపోయి, ఉబ్బి, పావుగంటలో బకెట్ నిండింది. చేతులు ముంచి కలుపుతుంటే వాసన వచ్చింది. వాన పడ్డాక మా దొడ్లో కొబ్బరి డొక్కల పోగు దగ్గర వచ్చే వాసన. అక్కడే గచ్చు మీద కూర్చుని, చేతులు బకెట్‌లో ఉండగానే, నాన్న కోసం మొదటిసారి ఏడ్చాను. లోపల్నించి మా ఆయన వస్తే చెయ్యి అడ్డం పెట్టి ఆగమన్నాను. "ఏడవనీ" అన్న అత్తయ్య మాట అప్పుడు నాకు అర్థమైంది.

మావయ్యకు ఫోన్ చేసి కనకాంబరం కాయలు కావాలన్నాను. కారణం అడగకుండా ఒక అగ్గిపెట్టె నిండా ఎండు కాయలు పెట్టి కొరియర్ చేశాడు. ఏడేళ్ల మా అమ్మాయి వాటి మీద డ్రాపర్‌తో చుక్క వేసింది. టప్పుమని పేలితే ముందు ఉలిక్కిపడి, తర్వాత పెట్టె ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. చెదిరిన గింజల్ని ఏరి కుండీల్లో నాటాం. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే నా మంచం దగ్గరికి వచ్చి ఒకటే అడగడం. నేనెప్పుడూ దానికి ఈ కథ చెప్పలేదు. గింజ నాటినవాళ్లను పిల్లలు అడిగే ప్రశ్న అదొక్కటే అనుకుంటాను.

మొక్కలు పెంచితే మాత్రలు అక్కర్లేదని నేను చెప్పను. నాకు రెండూ కావలసి వచ్చాయి. నిద్ర పట్టక, బతకాలనిపించక బాధపడేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి వెనకాడకండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దానితో పాటు ఒక్క కుండీ పెట్టుకోండి. మొదలే గులాబీలకు పోవద్దు, అవి సతాయిస్తాయి. మెంతులు మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, తోటకూర అయిదారు రోజుల్లో. ఎండిపోతే మళ్లీ చల్లండి. వంటింట్లో మెంతుల డబ్బా ఉండనే ఉంది.

ఇక మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా బెంగ పెట్టుకుని ఉంటే ధైర్యం చెప్పే మాటలు కాసేపు పక్కన పెట్టండి. గుప్పెడు మెంతులు, డబ్బాడు మట్టి ఇచ్చి రండి. ఇచ్చి ఊరుకోకండి. రేపు పొద్దున్నే వెళ్లి అడగండి, మొలిచిందా అని. లేదంటే, ఎల్లుండి మళ్లీ వెళ్లి అడగండి.